నూట డెబ్బై ఆరో పేజీ

గద్వాల నుంచి బస్సెక్కితే ముప్పావు గంట, అదీ మా ఊరు. పేరెందుకు తియ్యి, తప్పు నాది, ఊరిది కాదు. బస్టాండు ఎనక రెండు అర్రలు, నాలుగు బీరువాలు, ఒక ఫ్యాను. అదే మా గ్రంథాలయం. ఆ ఫ్యాను కింది కుర్చీ కోసం పొద్దున ఎనిమిదిన్నరకే లొల్లి మొదలైతది. పేపర్ల నడిమి పేజీ గుంజుకొని కూసునేటోడు ఒకడు, సినిమా బొమ్మ బ్లేడుతోని కోసుకపోయేటోడు ఇంకొకడు. నేను ఆడ అటెండరును. నాగప్ప అంటరు నన్ను. ఇరవై రెండేండ్లు ఆ అర్రలు ఊడ్సిన, తాళం తీసిన, తాళమేసిన, పుస్తకాలకు ముద్ర గొట్టిన. సదివింది మాత్రం పేపరొక్కటే, అండ్ల గూడ పత్తి ధరలుండే పేజీనే.

చెప్పేది నా కత కాదు, పుష్పమ్మ కత. కాని నేను అడ్డం పడకుంటే ఆమె కత ఇంకో తీరుగుండు. అందుకే నన్ను గూడ జర భరించాల్సొస్తది.

మా దిక్కు వాడను గేరి అంటం. పుష్పమ్మది ఊరి బయట కాలని గేరి. అరవై ఇండ్లు, ఒక చర్చి. మొగోల్లు, కూలోల్లను జమ చేసే గుంపు మేస్త్రీల ఎంట కాల్వ పనికో డ్యాం పనికో దేశాలు పట్టుకొని పోతరు. ఆడోల్లు, ఆడపిల్లలు సీడు పత్తి చేండ్లల్ల క్రాసింగు పని చేస్తరు. పొద్దుమీకి మొగ్గలు గిల్లాలె, తెల్లారి మగపువ్వు తెచ్చి ఒక్కొక్క పువ్వుకు రుద్దాలె. మూడు నెల్లు ఒక్కరోజు నాగా ఉండదు. ఆ మూడు నెల్లు కాలని గేరి ఆడపిల్లల పేర్లు బడి రిజిస్టర్ల ఉంటయి, పిల్లలు చేండ్లల్ల ఉంటరు. ఊర్ల అందరికి తెల్సు, ఎవ్వరూ మాట్లాడరు. నేను గూడ.

పుష్పమ్మ మొగుడు మాసయ్య రెండువేల మూడుల మేస్త్రీ ఎంట మహారాష్ట్ర దిక్కు సొరంగం పనికి పోయిండు. మల్ల రాలే. మేస్త్రీని అడిగితే "ఆడికెల్లి ఇంకో పనికి పోయిండు, నాకేం ఎరుక" అన్నడు. ఠాణాల కాయితం రాసిచ్చిండ్రు. ఆ కాయితం ఏ మూలకు పడ్డదో దేవునికే తెల్వాలె.

మొదటి ఏడు మస్తు ఏడ్సిందంట. ఆ తర్వాత బందు పెట్టింది. నేను ఎరిగేనాటికి ఆమె ముఖంల ఏదీ కనపడకపోయేది. ముప్పై మూడేండ్లు గూడ నిండలే. పలకరిస్తే జవాబు చెప్తది, అడిగినంతే చెప్తది. "మాసయ్య సంగతి ఏమన్న తెల్సిందా పుష్పమ్మా?" అంటే "లేదన్నా" అంటది. దుకాణంల ఉప్పు లేదని చెప్పినట్టు. ఆ గొంతు ఇంటే నాకు కోపమొచ్చేది, ఎందుకో నాకే తెల్వదు. ఏడ్సేటోల్లను ఓదార్చొచ్చు, గిట్లుండేటోల్లను ఏం చేస్తం?

కాని ఆమెకు సదువొచ్చు. చిన్నప్పుడు మిషను హాస్టల్ల ఉండి ఏడో తరగతి దాంక సదివింది. ఆదివారం చర్చిల వాక్యం సదివేది ఆమెనే. ఒక్క అచ్చరం తడబడదు.

రెండువేల ఏడుల మా గ్రంథాలయానికి శ్రీజ మేడం కొత్తగ వచ్చింది. వనపర్తి పిల్ల, మొదటి నౌకరి, కుదురుగ కూసుంటే ఒట్టు. వచ్చిన నెలకే మొదలుపెట్టింది. "నాగప్పా, మన ఊరంతా కలిసి ఒక్కటే పుస్తకం సదవాలె" అన్నది.

"ఊర్ల సగం మందికి సదువే రాదు మేడం."

"వచ్చినోల్లు సదువుతరు, రానోల్లు వింటరు. ఏమైతది?"

ఏమైతదో ఆమెకేం తెల్సు, ఊడ్సుడు నాకుంటది గద.

పన్నెండు గేరిలు, పన్నెండు పుస్తకాలు. గేరికి ఒకరు సదివేటోల్లు. ఆదివారం ఆదివారం ఒక్క భాగం. ఊరంతా అదే భాగం, ఒక్కల్లు గూడ ముందుకు ఉరకొద్దు. ఏడు వారాలకు పుస్తకం ఒడుస్తది. నవంబర్ల గ్రంథాలయ వారోత్సవాల ఆఖరి దినం అన్ని గేరిలోల్లు ఒక్కకాడ కూసోని కత గురించి మాట్లాడాలె. అప్పటిదాంక ఆఖరు భాగం గురించి పక్క గేరోల్లతోని నోరు మెదపొద్దు. ఇదీ మేడం పెట్టిన ఖాయిదా. విన్నోల్ల పేర్లు, ఏలిముద్రలు చీటీల మీద తీసుకొచ్చే పని నాది. ఏడు వారాలు పన్నెండు గేరిలు తిరిగిన, నా చెప్పులు అరిగిపాయె.

పుస్తకం ఒక కూలి మనిషి కత. తిమ్మప్ప అనేటోడు పెండ్లాన్ని ఊర్ల ఇడిసి దూరదేశం కాల్వ తవ్వనీకి పోతడు. మేడం కావాల్ననే ఏరింది. "మన పాలమూరు కత నాగప్పా, మనోల్లు ఇనాలె" అన్నది.

పుస్తకాల కట్ట ఇప్పినంక ముద్రలు కొట్టుడు నా పని. మొదటి పేజీల ఒకటి, నడుమ మాకు మాత్రమే తెల్సిన పేజీల ఒకటి, ఆఖరు పేజీల ఒకటి. పదకొండు పుస్తకాలకు ఆఖరు పేజీ నూట తొంభై రెండు. పన్నెండోదానికి నూట డెబ్బై ఆరే. ఎనకాముందు తిప్పి సూసిన. ఆఖరు పదహారు పేజీల మడత కుట్టనే లేదు, అట్ట మాత్రం సక్కగ అతికిచ్చిండ్రు. మేడంకు చెప్తే వాపసు పంపుదామంటది, మల్ల కట్ట కట్టాలె, బస్సుకెయ్యాలె, కార్యక్రమం ఆగిపోతది, మేడం పరేషాన్ అయితది. ఎవరికియ్యాలె దీన్ని? కోట గేరికి ఇస్తే రిటైరు పంతులు నాగన్న సారు ఉన్నడు, నా తోలు తీస్తడు. బజారు గేరికి ఇస్తే టైలరు ఊరంతా చెప్తడు. కాలని గేరికి పడేస్తే? ఆడ ఆఖరుదాంక ఎవరు సదవొచ్చిండ్రు, రెండు వారాలకు మూల పడేస్తరు అనుకున్న. నూట డెబ్బై ఆరో పేజీ మీద ముద్ర గొట్టి పుష్పమ్మ చేతుల పెట్టిన.

మూల పడెయ్యలే. ఏడు ఆదివారాలల్ల ఒక్కటి గూడ తప్పలే. పొద్దున చేన్ల పని ఒడ్సుకొని, చర్చిల ప్రార్థన అయినంక, మెట్ల మీద కూసోని సదివేది. మొదటి వారం పదిహేను మంది. నాలుగో వారానికి యాభై దాటిండ్రు. ఊర్ల ఏ గేరిల గూడ అంతమంది రాలే. "ఆ మేస్త్రీ మన మేస్త్రీ లెక్కనే ఉన్నడు గదనే!" అని ఒకామె, "ఆ తిమ్మప్ప పెండ్లాం ఏం ఓపిక పట్టిందమ్మా, నేనైతే ఏనాడో తిట్టిపోసేదాన్ని" అని ఇంకొకామె. పుష్పమ్మ అత్త భీమమ్మ అందరికన్న ముందుగాల వచ్చి మెట్టు కింద కూసునేది. "వాడు నా మాసయ్య లెక్కనే నడుస్తడు, ఆ తిమ్మప్ప" అనేది. పుస్తకంల నడక గురించి ఏం రాసిండ్రో నాకు తెల్వదు. పుష్పమ్మ మాత్రం వాక్యం సదివినట్టే సదివేది. నవ్వేకాడ నవ్వదు, ఏడ్సేకాడ గొంతు మారదు. నేను చీటీల మీద ఏలిముద్రలు ఏపిచ్చుకొని వచ్చేటోన్ని. ఆ గేరిల నేను నీళ్లు ముట్టేటోన్ని కాదు, అబద్దమెందుకు. ఆమెకు తెల్సు, అడగకపోయేది.

ఐదో వారం నడుస్తుంటే ఆమె గ్రంథాలయానికి వచ్చింది. "వనపర్తి బస్సు పొద్దుగాల ఎన్నిటికన్నా?" అన్నది.

"ఆరున్నరకు. ఎందుకు?"

వనపర్తిల ఒక ఆడపిల్లల హాస్టలుంది, సిస్టరమ్మలు నడిపిస్తరు. వంటకాడ మనిషి కావాలని కబురంపిండ్రు. ఉండనీకి అర్ర ఇస్తరు, అత్త గూడ ఉండొచ్చు. అన్నిటికన్న ముఖ్యం, బిడ్డ రోజాను ఆరో తరగతిల అక్కడనే కూసోబెడ్తరు. నడుమ వచ్చినా సరే తీసుకుంటమన్నరు. నవంబర్ ఒకటో తారీఖు బేస్తారం, ఆ దినానికి చేరాలె. దాటితే ఇంకొకరిని పెట్టుకుంటరు.

"ఊర్ల ఉంటే రోజా ఏటేటా క్రాసింగుకే పోతదన్నా. ఈ ఏడు ఇరవై దినాలు గూడ బడి మొఖం సూడలే" అన్నది. ఆమె నాతోని అన్ని మాటలు మాట్లాడుడు అదే మొదటిసారి. అయినా గొంతుల ఏం లేదు. పోతదంటే పోతది, అంతే.

"మంచి పని పుష్పమ్మా, పో" అన్న. నిజంగనే అన్న.

అక్టోబర్ ఇరవై ఎనిమిదిన ఆఖరు భాగం. మర్నాడు సోమారం పుస్తకం వాపసియ్యనీకి వచ్చింది. గడపల నిలబడ్డది. ఆమెను సూసి నాకు భయమైంది. ముఖంల ఏదో ఉంది. నవ్వు అనరాదు, కాని నవ్వుకు దగ్గర్ల ఉంది.

"నాగప్పన్నా, కత మంచిగ ఒడ్సింది. తిమ్మప్ప లారీ ఎక్కిండు" అన్నది, నేను అడగకుండనే. "ఆఖరు పేజీ అత్త మూడుసార్లు సదివిచ్చుకున్నది. నాకు నోటికొచ్చింది. 'లారీ కదిలింది. తిమ్మప్ప ఊరి దిక్కు మొఖం తిప్పి కూసున్నడు.' అంతే, ఇంటికి పోయినట్టే గద?"

నేను పుస్తకం అందుకున్న. "బేస్తారం వనపర్తి బస్సెక్కుతరు గద?" అన్న.

"పోతలేనన్నా. సిస్టరమ్మకు కబురంపిన. ఇల్లు తాళమేసి అందరం పోతే, ఆయనొచ్చి ఎవర్ని అడుగుతడు? ఆరేండ్లు అయినంక ఎక్కిండు తిమ్మప్ప. మాకు నాలుగే గద."

ఆమె పోయినంక నేను బీరువ తెరిచిన. ముందే వాపసొచ్చిన నిండు పుస్తకం ఒకటి తీసి నూట డెబ్బై ఏడో పేజీ పట్టిన. ఇరవై రెండేండ్లల్ల నేను సదివిన మొదటి పదహారు పేజీలు అవే. లారీల తిమ్మప్పకు జరం మోపైతది. రెండో దినం మాట పడిపోతది. డ్రైవరు భయపడి ఒక చెట్టు కింద దించి పోతడు. ఎవరో ఊరోల్లు పూడ్సిపెడ్తరు. పేరు గూడ తెల్వదు వాల్లకు. ఆఖరు పేజీల పెండ్లానికి సంగతి ఎరుకైతది, ఆమె దంపుతున్న రోకలి కింద పెట్టి, ఇంటికి తాళమేసి పనికి పోతది. అట్ల ఒడుస్తది.

ఇప్పుడేం చెయ్యాలె? కత ఇని మనిషి తన బతుకు మార్సుకుంటే నా తప్పా అనుకున్న. ఆమెకు దిమాక్ లేదా అనుకున్న. పొద్దుగూకేదాంక గిట్లనే నన్ను నేను ఎనకేసుకొచ్చిన. మంగళారం మనసాగక ఆ నిండు పుస్తకం చంకల పెట్టుకొని కాలని గేరికి పోయిన.

పుష్పమ్మ గోడకు ఎర్రమన్ను పూస్తుండె. మోచేతులదాంక మన్ను. నన్ను సూసి చేతులు కడుక్కొని కుర్చీ తెచ్చి ఏసింది. భీమమ్మ అరుగు మీదికెల్లి "ఏమయ్యా, ఇంకో పుస్తకం తెచ్చినవా? ఇంకో కత ఉందా?" అన్నది. ముసలామె ముఖం ఎంత ఎలిగిందో.

చెప్పాలె. ఆఖరు పేజీలు లేవని చెప్పాలె. ముందే తెల్సా అంటరు. తెల్సు అనాలె. తెల్సి మాకెందుకిచ్చినవ్ అంటరు. దానికి నా తాన ఉన్న జవాబు ఒక్కటే, అది ఆ అరుగు ముందట కూసోని చెప్పనీకి నోరు రాలే.

"లేదమ్మా, గిట్ల పోతుంటి, పలకరిద్దామని" అన్న. లేచిన. నా ఎనకాల పుష్పమ్మ మల్ల మన్ను చేతులకు తీసుకుంది. బుధారం నేను కడుపునొప్పి అని పండుకున్న. బేస్తారం ఆరున్నరకు వనపర్తి బస్సు మా బస్టాండుల ఆగింది, హారన్ కొట్టింది, పోయింది. నేను అర్రల ఊడుస్తుంటి.

నవంబర్ ఇరవై. గ్రంథాలయం ముందట శామియానా ఏసినం. పన్నెండు గేరిలోల్లు వచ్చిండ్రు. కాలని గేరి ఆడోల్లు ముప్పై మంది ఆఖరుకు, చెప్పులు ఇడిసే తావుల కూసున్నరు. ఎవ్వరూ ఆడ కూసోమనలే, ముందుకు రమ్మని గూడ అనలే. నేను చాయ్ గ్లాసులు పట్టుకొని దర్వాజల ఉన్న.

ముందుగాల నాగన్న సారు లేచిండు. "తిమ్మప్పను చెట్టు కింద దించిపోయిన తావుల నేను సదవలేక పుస్తకం మూసిన" అన్నడు. శానమంది అవునవునని తలలూపిండ్రు.

ఎనకనుంచి పుష్పమ్మ లేచింది. "సారూ, దించుడెక్కడిది? లారీ ఎక్కి ఊరికి పోయిండు గద."

టైలరు నవ్విండు. "నిద్రల సదివినట్టుందమ్మా!" అన్నడు. ఇంకొందరు నవ్విండ్రు.

"నేను నోటికి చెప్తా" అని పుష్పమ్మ ఆ రెండు మాటలు చెప్పింది. నవ్వుడు ఆగింది. మేడం బల్ల మీది పుస్తకాలు ఒక్కొక్కటే తెరిచి ఆఖరు పేజీ సూసుకుంట వచ్చింది. ఒక్కదాని కాడ ఆగింది. నూట డెబ్బై ఆరు. దాని మీద నా ముద్ర.

"నాగప్పా, ముద్ర కొట్టేటప్పుడు నువ్వు సూడలేదా?"

అబద్దం చెప్పొచ్చు. ఎవ్వరూ పట్టుకోకపోదురు. కాని చెప్పిన. "సూసిన మేడం. కాలని గేరికే గద, ఆడ ఆఖరుదాంక ఎవరు సదువుతరు అనుకున్న."

తిట్టేటోడు ఒక్కడుంటే బాగుండు. నాగన్న సారు కండ్లద్దాలు తీసి తుడుసుకున్నడు. ఆ మాట ఆయన గూడ ఎన్నడో అనుకున్నదే, అందుకే నా దిక్కు సూడలే అనిపిచ్చింది.

పుష్పమ్మ చెప్పులు దాటుకొని ముందుకొచ్చింది. మేడం తోని "మిగిలింది సదువుతా మేడం. మావోల్లు వచ్చిండ్రు, ఇనాలె" అన్నది.

"వద్దు పుష్పమ్మా, నేను సదువుతా" అన్నది మేడం. ఏడుస్తుండె.

"మా గేరికి నేనే గద సదివేది."

నిండు పుస్తకం తీసుకొని, కాలని గేరోల్ల దిక్కు తిరిగి నిలబడి సదివింది. పదహారు పేజీలు. జరం, చెట్టు, మన్ను, రోకలి. అదే గొంతు, వాక్యం సదివినట్టే. భీమమ్మ నెత్తి కొట్టుకొని ఏడ్సింది, పక్కోల్లు పట్టుకున్నరు. పుష్పమ్మ ఆగలే. ఆఖరు మాట అయినంక, దాని కింద అచ్చేసినోల్ల అడ్రసుంటే అది గూడ సదివింది. ఆపమని ఎవ్వరూ చెప్పలే గద. అప్పుడు పుస్తకం మూసి బల్ల మీద పెట్టి "అయిపోయింది" అన్నది. నేను పట్టుకున్న చాయ్ మీద మీగడ కట్టింది. ఎవ్వరూ తాగలే.

మర్నాడు పొద్దుగాల ఆరున్నర బస్సుకు ఆమె రోజాను తోలుకొని వనపర్తి పోయింది. పొద్దుమీకి వాపసొచ్చింది. నవంబర్ రెండో తారీఖుననే పాన్‌గల్ దిక్కామె ఒకామెను పెట్టుకున్నరంట. వచ్చే ఏడు సూద్దామన్నరంట. వచ్చే ఏడు కబురు రాలే.

కాలని గేరోల్లు మల్ల గ్రంథాలయం గడప తొక్కలే. మేడం రెండుసార్లు పోయి బతిమాలింది. నా మీద పైకి రాయాల్ననుకుంది, రాయలే. ఎందుకు రాయలేదని నేను అడగలే. ఇంటికాడ అన్నం తింటున్న, నిద్రపోతున్న, ముద్రలు కొడ్తున్న. పని నడుస్తనే ఉంది. లోపల ఏదన్న కదులుతదా అని సూస్తే ఏం కదల్లే. ఆమెకు అన్నేండ్లు ఎట్లుండెనో అప్పుడు జర సమజైంది.

తర్వాతి ఏడు ఆగస్టుల నా చెల్క కాడికి పోయిన. గట్టు అవతల సీడు పత్తి చేను. పొద్దు వాలుతుండె. పన్నెండు మంది ఆడపిల్లలు సాల్లల్ల వంగి మొగ్గలు గిల్లుతున్నరు. అండ్ల రోజా ఉంది. ఏలి గోర్లు పచ్చగ అయినయి. పక్క సాలుల పుష్పమ్మ. తొమ్మిది నెలలాయె, ఆమె నాతోని మాట్లాడక. నేను తల దించుకొని దాటిపోతుంటే పిలిచింది.

"నాగప్పన్నా, ఒకటడుగుతా."

ఆగిన.

"ఆ మంగళారం మా ఇంటికొచ్చినవ్ గద. నీ చంకల పుస్తకముండె. అది నిండుదేనా?"

"నిండుదే" అన్న.

"అప్పటికి బేస్తారానికి ఇంకా రెండు దినాలుండె."

"ఉండె."

తల ఊపింది. తిట్టలే, మన్ను పొయ్యలే, కంట్ల నీళ్లు తియ్యలే. "రోజా, ఆ చెట్టుకు రెండు మొగ్గలు ఇడ్సిపెట్టినవ్ సూడు" అని బిడ్డకు చెప్పి, వంగి తన సాలుల ముందుకు పోయింది.